కర్నూలు గుహలు – ఆదిమానవుని ఆనవాళ్ళు

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధములు, శాసనములు స్ఫురించును. కాని లిపి పుట్టుటకు వేల సంవత్సరముల పూర్వమే మానవుడు తన బ్రతుకును మట్టి పొరలలో వ్రాసిపోయినాడు. ఆ వ్రాతను చదువు విద్యయే పురావస్తు త్రవ్వకము. ఆ విద్యకు ముఖ్యమైన పాఠశాల యొకటి మన రాయలసీమలోనే, బేతంచెర్ల సమీపమున గలదు. అదియే బిల్లసర్గం గుహల సముదాయము.

ఈ ప్రాంతము సున్నపురాతి నేల. వర్షపు నీరు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, రాతి పగుళ్ళలోనికి దిగి, క్రమముగా రాతిని కరగించి గుహలను తొలిచినది. సున్నపు నేల ఎముకలను చక్కగా కాపాడును. అందుచేతనే రాతి పనిముట్లతో పాటు ఎముకలును ఇచట నిలిచినవి.

1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహలలోని ఎముకలను గురించి తెలియజేసెను. 1863లో మద్రాసు చెంత పల్లావరమున పాతరాతియుగపు పనిముట్టును కనుగొనిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ తరువాత వీటిపై దృష్టి సారించెను. 1884-85లో ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ ఇచట త్రవ్వకములు సాగించెను. జంతువుల ఎముకలతో పాటు మానవుడు చెక్కినవిగా తోచిన ఎముక పనిముట్లును లభించినవి.

ఇచట ఒక సందేహము కలుగును. మృగము కొరికిన ఎముకయు చెక్కినదానివలె కనిపింపవచ్చును గదా? 1970వ దశకమున ఎం.ఎల్.కె. మూర్తిగారు ముచ్చట్ల చింతమాను గవిలో జరిపిన త్రవ్వకము ఈ విషయమున మేలైన సాక్ష్యమిచ్చినది. అచట ఎముక పనిముట్లు, రాతి పనిముట్లు, నిప్పు రాజేసిన పొయ్యి బయల్పడినవి. మృగము ఎముకను కొరుకగలదు గాని పొయ్యి వేయజాలదు. మట్టిలోని ఖనిజములు కాలక్రమమున శక్తిని కూడబెట్టుకొనును. కాలినపుడు ఆ నిల్వ ఖాళీయై, లెక్క మరల మొదలగును. ప్రయోగశాలలో మరల వేడిచేసినపుడు వెలువడు కాంతిని కొలిచి, ఆ పొయ్యి వయస్సు సుమారు 17,000 సంవత్సరములని నిర్ణయించిరి.

బనగానపల్లె సమీపమున జ్వాలాపురము కలదు. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా ద్వీపమున తోబా అగ్నిపర్వతము ప్రేలినపుడు ఎగసిన బూడిద అచట పొరగా నిలిచినది. ఆ పొరకు క్రిందను, పైనను రాతి పనిముట్లు లభించినట్లు 2007లో పరిశోధకులు ప్రకటించిరి. ఎంతటి విపత్తు! అయినను దాని పిదపకూడ ఇచట మానవుడు సంచరించినాడు. అట్టి బూడిదను పాత్రలు తోము పొడికై త్రవ్వి అమ్ముకొనుట జరిగినది.

ఒక విద్యార్థి చెక్కిన రాతి పలుకొకటి తెచ్చి మాకు చూపెను. సంతోషించి, "ఏ పొరలో దొరికినది, నాయనా?" అని అడిగితిమి. అతడు బదులు చెప్పలేకపోయెను. తప్పు అతనిది కాదు. ఆ ప్రశ్నను మేము ముందుగా నేర్పలేదు. పొర తెలియని పనిముట్టు పుస్తకమునుండి చించిన కాగితము వంటిది. అందుకే శాస్త్రజ్ఞులు నేలను గళ్ళుగా విభజించి, పొర వెంట పొర తీసి, మట్టిని జల్లెడ పట్టి, ప్రతి వస్తువు దొరికిన చోటును, లోతును నమోదు చేయుదురు. త్రవ్వకమనగా చదువుచునే పుటను చెరుపుట. రెండవమారు చదువుటకు వీలులేదు.

కావున విద్యార్థులారా, మీ పొలములయందో గుట్టలయందో ఇట్టివి కంటబడినచో కదలింపక, స్థలమును గుర్తించి, పురావస్తు శాఖకు తెలుపుడు. మన పూర్వులు మనకు వదలిన పుస్తకము ఇదియొక్కటే. దీనికి రెండవ ప్రతి లేదు.