పెట్టెలోనే ఆంప్లిఫయర్! ఈ గిటారు కొనొచ్చా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఒక ఇంటి పాత సామాన్ల అమ్మకంలో మా అబ్బాయికి సిల్వర్‌టోన్ ఎలక్ట్రిక్ గిటారు కనిపించింది. దాని పెట్టెలోనే ఆంప్లిఫయర్, స్పీకరు ఉన్నాయి. చాలా అరుదైనదంటూ 900 డాలర్లు చెబుతున్నారు. బాడీ తడితే చెక్కలా లేదు, అట్టలా ఉంది. అంత విలువ చేస్తుందా? తర్వాత హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?

జవాబు: వింతైనదే గానీ, అరుదైనది కాదు. 1960లలో సియర్స్ సంస్థ ఇలాంటి గిటార్లను సిల్వర్‌టోన్ పేరుతో కేటలాగ్ ద్వారా అమెరికా అంతటా అమ్మింది. తయారుచేసింది న్యూజెర్సీలోని డేన్‌ఎలెక్ట్రో కంపెనీ. తీగల కంపనాన్ని పట్టే పికప్ ఒకటే ఉంటే అది బహుశా 1448 మోడల్. కొత్తగా నేర్చుకునే పిల్లలకు గిటారు, పెట్టె, ఆంప్లిఫయర్ అన్నీ ఒకేసారి చవగ్గా అందాలన్నది దాని ఉద్దేశం.

ఇక అట్ట సంగతి. డేన్‌ఎలెక్ట్రో వ్యవస్థాపకుడు నేథన్ డేనియల్ ఖర్చు తగ్గించడానికి చెక్క ఫ్రేముకు పైనా కిందా మేసనైట్ (నొక్కి చేసిన చెక్కపీచు) రేకులు అతికించాడు. పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాల్లో అమర్చాడు. కాబట్టి తడితే డొల్లగా మోగడం లోపం కాదు. ఆ పలచటి, మెరుపున్న శబ్దాన్ని ఇష్టపడే పెద్ద కళాకారులున్నారు. లెడ్ జెపెలిన్‌ గిటారిస్టు జిమ్మీ పేజ్ చేతిలోనూ డేన్‌ఎలెక్ట్రో మోగింది.

ధర మాట తర్వాత, ముందు నెక్ చూడాలి. అన్నిటికన్నా లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, చివరి ఫ్రెట్ దగ్గర మరో వేలితో నొక్కి పట్టుకుని, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర కింద ఎంత సందు ఉందో గమనించాలి. వెంట్రుకవాసి సందు ఉంటే నిశ్చింత. విజిటింగ్ కార్డులు రెండు మూడు దూరిపోతే నెక్ వంగినట్టే. ఈనాటి గిటార్లలో అయితే నెక్ లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పి సరిచేసుకోవచ్చు. ఆ కాలపు డేన్‌ఎలెక్ట్రో నెక్‌లో ఉన్నది కదలని ఉక్కు బద్ద. తిప్పడానికి ఏమీ లేదు. నెక్ తిన్నగానే ఉండి తీగలు మాత్రం ఎత్తుగా ఉంటే భయం లేదు. నెక్ స్క్రూలతో బిగించినదే గనుక, ఊడదీసి సందులో పలచటి బద్ద పెడితే సరిపోతుంది.

ఫ్రెట్లు తీగల కింద గాళ్లు పడి అరిగాయేమో కూడా చూడాలి. అన్నీ మార్పించాలంటే అమెరికాలో వందల డాలర్లు అవుతుంది.

వయసు తేల్చుకోవాలంటే లోపలి వాల్యూమ్ పాట్ (గుండీ కింది భాగం) వెనక అంకెలు చదవాలి. 304-6220 అని ఉంటే, 304 స్టాక్‌పోల్ కంపెనీ గుర్తు, 62 సంవత్సరం, 20 ఆ ఏటి వారం. 137తో మొదలైతే అది సీటీఎస్. గిటారు అంతకంటే పాతది కాదని మాత్రమే ఇది చెబుతుంది. పైగా పాట్‌ను తర్వాత మార్చి ఉండొచ్చు. టంకం తాజాగా మెరుస్తుంటే అనుమానించాల్సిందే.

ఆంప్లిఫయర్‌ను మాత్రం అక్కడికక్కడ ప్లగ్గులో పెట్టొద్దు. 60 ఏళ్ల కెపాసిటర్లు, ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు ప్రాణాలమీదికి తేవచ్చు. మెకానిక్ చూశాకే కరెంటు ఇవ్వాలి. హైదరాబాద్ తెస్తే 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలించకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇప్పుడు 900 డాలర్ల మాట. అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే ధరలు పట్టించుకోకుండా, రివర్బ్, ఈబే వెబ్‌సైట్లలో అదే మోడల్ నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడాలి. అందులోంచి మరమ్మతు ఖర్చు తీసేయాలి. మళ్లీ రంగు వేయించి ఉంటే పాత గిటారు ధర దాదాపు సగానికి పడిపోతుంది. పెట్టె, ఆంప్లిఫయర్ అసలువి కాకపోయినా బాగా తగ్గించి అడగాలి. నెక్ వంగి ఉంటే ఎంత తగ్గించినా వద్దు. నేర్చుకునే పిల్లవాడి వేళ్లకు అది శిక్ష.

ప్రశ్న: నాలుగు పికప్‌లు, వరుసగా స్విచ్‌లున్న ‘టీస్కో డెల్ రే’ గిటారు చూశాను. పికప్‌లు ఎక్కువైతే విలువా ఎక్కువేనా? (శాన్ హోసే పాఠకురాలు)

జవాబు: పికప్‌ల లెక్కను బట్టి విలువ కట్టలేం. టీస్కో జపాన్ కంపెనీ. 1946లో మొదలై, 1967లో కవాయ్ చేతికి వెళ్లింది. ఆ కంపెనీ గిటార్లలోని ‘గోల్డ్ ఫాయిల్’ రకం పికప్‌లకు మంచి గిరాకీ. గిటారిస్టు రై కూడర్ తన స్ట్రాటోకాస్టర్ గిటారులో టీస్కో పికప్ బిగించుకున్నాక ఆ మోజు పెరిగింది. పికప్‌ల కోసమే చాలా గిటార్లను విప్పేశారు, అది బాధాకరం. కాబట్టి నాలుగూ ఒకే రకానివా, నాలుగూ పలుకుతున్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి. గిటారును ఆంప్లిఫయర్‌కు తగిలించి, ఒక్కో స్విచ్ మాత్రమే వేసి, ఆ పికప్‌ను స్క్రూడ్రైవర్ కొసతో మెల్లగా తడితే టక్ మని వినిపించాలి. స్విచ్ గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్‌తో సాధారణంగా పోతుంది. పికప్ అసలు పలక్కపోతే లోపలి సన్నటి తీగ తెగి ఉండొచ్చు, మళ్లీ చుట్టించాలి. ట్రెమోలో కడ్డీ ఉందో లేదో కూడా అడగండి. అసలుది విడిగా దొరకడం కష్టం, బేరం కుదరకముందే పెట్టె అరలో వెతికించండి.