స్వల్ప వ్యయంతో గేమింగ్ కంప్యూటర్: నిర్మాణం, క్రమాభివృద్ధి

దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని తెలుగువారి సామెత. 'చాదర్ దేఖ్‌కర్ పావ్ ఫైలావ్' అని ఉర్దూలోనూ అదే మాట. రెండు భాషలవారూ ఒకే దుప్పటిని చూపి చెప్పిన ఈ హితవు అందరూ ఎరిగినదే. అయితే ఆ దుప్పటికే మరికొంత గుడ్డ జోడించి పొడవు పెంచుకొనే వీలున్నదా అన్న ప్రశ్నకు సామెతలో జవాబు లేదు. కంప్యూటర్ విషయంలో ఆ వీలు ఉన్నది. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వీడియో గేములు ఆడడం మంచిదా, చెడ్డదా అన్న చర్చకు మనం ఇక్కడ పూనుకోవడం లేదు. ఆడదలచిన విద్యార్థి ఎలాగూ ఆడతాడు. అతడు ఖర్చు పెట్టే సొమ్ము తండ్రి చెమట కావచ్చు, స్కాలర్‌షిప్పులో మిగిల్చినది కావచ్చు. ఆ సొమ్ము వృథా కాకుండా, అదే యంత్రం చదువుకు, ప్రోగ్రామింగ్‌కు, చిత్రరచనకు కూడా అక్కరకు వచ్చేలా ఎలా కూర్చుకోవాలన్నదే మన విచారణ.

1. అంచెలంచెలుగా పెంచడం ఎందుకు సాధ్యం?

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు దాని నిర్మాణ వివరాలను బయటపెట్టింది. ఫలితంగా ఇతర సంస్థలు కూడా దానికి సరిపోయే కార్డులు తయారుచేశాయి. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. మదర్‌బోర్డు కొలతలు, మరలు బిగించే రంధ్రాల చోటు, విద్యుత్తు అందించే తీరు అన్నీ దానితో స్థిరపడ్డాయి. తర్వాత వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం గ్రాఫిక్స్ కార్డులకు ఇదే మేలు చేసింది. కొత్త కార్డు పాత బోర్డులోనూ, పాత కార్డు కొత్త బోర్డులోనూ సాధారణంగా పనిచేస్తుంది.

ఈ ప్రమాణాల వల్లనే ఒక భాగాన్ని తీసి మరొక భాగాన్ని అమర్చుకోగలుగుతున్నాం. ల్యాప్‌టాప్‌లకు ఈ సౌకర్యం చాలా తక్కువ. వాటిలో ప్రాసెసర్‌ను, గ్రాఫిక్స్ చిప్పును బోర్డుకే అతికించి ఉంచడం పరిపాటి. కావున స్వల్ప వ్యయంతో మొదలుపెట్టి పెంచుకోదలచినవారికి డెస్క్‌టాప్ కంప్యూటరే తగినది.

2. భాగాలు, వాటి బాధ్యతలు

ఒక పెద్ద దావతును తలచుకుందాం. బావర్చీ డేగులో వంట సిద్ధం చేస్తాడు. వడ్డించేవారు దానిని పళ్లెములలో అందంగా అమర్చి బంతిలోకి తెస్తారు. గేములో ఎవరు ఎక్కడ ఉన్నారు, బంతి ఎటు పోయింది, శత్రువు ఏమి చేయాలి అనే లెక్కలు వేసే బావర్చీ ప్రాసెసర్. ఆ లెక్కలను బట్టి తెరపై బొమ్మ గీసి అందించే బృందం గ్రాఫిక్స్ కార్డు. ర్యామ్ చేతికందే బల్ల. ఎస్.ఎస్.డి. సామాన్ల గది. బావర్చీ ఎంత నేర్పరి అయినా వడ్డించేవారు చాలకపోతే బంతి ఆగుతుంది. వడ్డించేవారు పదిమంది ఉన్నా వంట కాకపోతే వారు చేతులు కట్టుకుని నిలబడతారు. ఈ సమతౌల్యాన్ని గ్రహిస్తే సగం విద్య వచ్చినట్లే.

సెకనుకు 60 బొమ్మలు కనిపించాలంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. తెర పెరిగినకొద్దీ గ్రాఫిక్స్ కార్డు భారం పెరుగుతుంది. 1920×1080 తెరలో 20,73,600 చుక్కలు ఉంటాయి. 3840×2160 తెరలో 82,94,400 ఉంటాయి, అనగా సరిగ్గా నాలుగు రెట్లు. కావున పొదుపరికి 1080 తెర చాలును. ఈ ఒక్క నిర్ణయంతోనే గ్రాఫిక్స్ కార్డు ఖర్చు ఎంతో తగ్గుతుంది.

3. మొదటి అంచె

భాగాలన్నిటికీ ఒకే ఆయుర్దాయం లేదు. క్యాబినెట్, మానిటర్, ఎస్.ఎం.పి.ఎస్. ఎక్కువకాలం ఉంటాయి. బోర్డు మధ్యరకం. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటె త్వరగా పాతబడుతుంది. కావున దీర్ఘాయువు గల వాటిని మొదటే మంచివి కొనాలి, అల్పాయువు గల వాటిని తర్వాతకు వాయిదా వేయాలి. కొందరు విద్యార్థులు దీనికి విరుద్ధంగా డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకు పోసి, నాణ్యత లేని ఎస్.ఎం.పి.ఎస్.తో సరిపెడతారు. నాసిరకం ఎస్.ఎం.పి.ఎస్. కాలిపోయేటప్పుడు బోర్డును, కార్డును కూడా వెంట తీసుకుపోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా మొదటి ఏడాది గడిచేదెలా? లోపలే గ్రాఫిక్స్ శక్తి గల ప్రాసెసర్ తీసుకోవడమే మార్గం. 2021 ఆగస్టులో వచ్చిన ఏ.ఎమ్.డి. రైజెన్ 5 5600జి ఇందుకు చక్కని ఉదాహరణ. ఆరు కోర్లు గల ఈ ప్రాసెసర్ తేలికపాటి గేములను, కొంత పాత గేములను తక్కువ సెట్టింగులలో కార్డు లేకుండానే నడుపుతుంది. ఇటువంటి ప్రాసెసర్‌కు ర్యామ్ ఒకే ముక్కగా కాక రెండు ముక్కలుగా అమర్చాలి. డీడీఆర్4-3200 రకం ర్యామ్‌లో ఒక్కొక్క మార్గం సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు మోస్తుంది. రెండు ముక్కలు ఉంటే 51.2 అవుతుంది. లోపలి గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కనుక 16 గిగాబైట్ల ముక్క ఒకటి కంటె 8 గిగాబైట్ల ముక్కలు రెండు మేలు.

బోర్డును ఎన్నుకొనేటప్పుడు దాని సాకెట్ భవిష్యత్తును చూడాలి. 2015లో ఇంటెల్ ఎల్‌జీఏ1151 బోర్డు కొన్నవారు 2017లో వచ్చిన ఎనిమిదవ తరం ప్రాసెసర్‌ను అందులో వాడలేకపోయారు. పిన్నుల సంఖ్య ఒకటే అయినా సంస్థ అనుమతి లేదు. 2017లో ఏఎమ్4 బోర్డు కొన్నవారిలో పలువురు బయోస్ మార్చుకుని 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డిని అందులోనే అమర్చుకోగలిగారు. అయిదేళ్ల తర్వాత కూడా పాత బోర్డు కొత్త బలం పొందింది. ఏఎమ్4 తర్వాత 2022 సెప్టెంబరులో ఏఎమ్5 వచ్చింది. దానికి 2027 వరకు, ఆ పైన కూడా మద్దతు కొనసాగిస్తామని ఏ.ఎమ్.డి. ప్రకటించింది. అయితే ఏఎమ్5 బోర్డులు డీడీఆర్5 ర్యామ్‌నే స్వీకరిస్తాయి. పాత ర్యామ్ పనికిరాదు.

4. తర్వాతి అంచెలు

రెండవ అంచెలో గ్రాఫిక్స్ కార్డు. దీనికి విద్యుత్తు లెక్క ముందే వేసుకోవాలి. 5600జి ప్రాసెసర్‌కు గరిష్ఠంగా 88 వాట్లు, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డుకు 132 వాట్లు, మిగిలినవాటికి సుమారు 50 వాట్లు అనుకుంటే మొత్తం 270. మొదటి అంచెలోనే మంచి 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. కొన్నవారికి అది సగం బరువు మీదనే నడుస్తుంది. రేపు 200 వాట్ల కార్డు వచ్చినా సరిపోతుంది.

మూడవ అంచెలో ఏది మార్చాలో ఊహతో నిర్ణయించకూడదు, పరీక్షించి తెలుసుకోవాలి. గేములో తెర రిజల్యూషన్ తగ్గించి చూడండి. సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య బాగా పెరిగితే ఇంతవరకు అడ్డుపడినది గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గర ఉన్నది. మన దావతు భాషలో చెప్పాలంటే, పళ్లెములు చిన్నవి చేసినా బంతి వేగం పెరగలేదంటే లోపం వంటశాలలో ఉన్నదన్నమాట. ప్రాసెసరే అడ్డయితే అదే బోర్డుకు తగిన మెరుగైన దానిని తెచ్చుకోవాలి. 5600జిలో మూడవ శ్రేణి క్యాష్ మెమరీ 16 మెగాబైట్లు కాగా 5800ఎక్స్3డిలో 96 మెగాబైట్లు. అనేక గేములలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తీసివేసిన ప్రాసెసర్‌ను అమ్మితే కొంత ఖర్చు తిరిగి వస్తుంది.

5. ఖర్చు లేని మెరుగులు

కొత్త సామగ్రి కొనడానికి ముందు ఉన్నదానిని పూర్తిగా వాడుతున్నామా అని చూసుకోవాలి. (అ) బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అమరికను ఆన్ చేయకపోతే ర్యామ్ తన పూర్తి వేగం కంటె తక్కువ వేగంతో నడుస్తుంది. (ఆ) గ్రాఫిక్స్ కార్డు అమర్చిన తర్వాత మానిటర్ కేబుల్‌ను బోర్డుకు కాక కార్డుకే తగిలించాలి. (ఇ) 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నప్పటికీ సెట్టింగులలో 60 దగ్గరే ఉండిపోవచ్చు. దానిని మార్చుకోవాలి. (ఈ) మన ప్రాంతపు వేసవిలో గది వేడి 40 డిగ్రీలకు చేరితే లోపలి భాగాల వేడి దానిపై మరింత పెరుగుతుంది. మూడు నెలలకొకసారి దుమ్ము దులపడం, క్యాబినెట్‌ను గోడకు దూరంగా ఉంచడం ఎంతో మేలు. (ఉ) లోపల చేయిపెట్టే ముందు కరెంటు తీసివేసి, క్యాబినెట్ లోహాన్ని తాకాలి. లేకుంటే చేతిలోని స్థిర విద్యుత్తు చిప్పులను చెడగొట్టగలదు.

6. పాత సామగ్రి కొనుగోలు

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ వంటి బజార్లు కంప్యూటర్ సామగ్రికి ప్రసిద్ధమైనవి. ఎక్కడ కొన్నా సీరియల్ నంబరు వేసిన బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లు లేని వారంటీ మాటవరసకే.

వాడిన ప్రాసెసర్, క్యాబినెట్, ర్యామ్ పరీక్షించి కొనవచ్చును. వాడిన ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం కొనరాదు. దాని లోపలి స్థితి పైకి తెలియదు. గ్రాఫిక్స్ కార్డును కనీసం అరగంట బరువైన గేముతో నడిపించి చూసిన తర్వాతనే డబ్బు ఇవ్వాలి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే డిజిటల్ నాణెం తన పద్ధతి మార్చుకోవడంతో దానికోసం రాత్రింబవళ్లు నడిచిన కార్డులెన్నో పాత బజారుకు చేరాయి. వాటి ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. అలాగే పాత ఆఫీసు కంప్యూటర్ కొనేవారు, విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదవ తరం లేదా రైజెన్ 2000 శ్రేణి నుండి మాత్రమే అధికారిక మద్దతు ఉన్నదని గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. లైనక్స్ వాడదలచినవారికి 2018లో వచ్చిన ప్రోటాన్ సహాయంతో ఎన్నో విండోస్ గేములు నడుస్తాయి. అయితే మోసాలను అరికట్టే ప్రత్యేక ప్రోగ్రాములున్న కొన్ని ఆన్‌లైన్ గేములు నడవవు.

7. ఓర్పు అనే పెట్టుబడి

2020 నుండి 2022 వరకు గ్రాఫిక్స్ కార్డులకు తీవ్రమైన కొరత ఏర్పడి ధరలు మండిపోయాయి. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. ఏ భాగం ధర ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో ముందుగా చెప్పలేము. అంచెలుగా కొనేవాడికి ఉన్న లాభం ఇదే. ధర మండుతున్న భాగాన్ని ఆపి, చల్లబడిన భాగాన్ని ముందు కొనగలడు. మొత్తం ఒకేసారి వాయిదాల మీద తెచ్చుకున్నవాడికి ఆ స్వేచ్ఛ లేదు. పైగా వాయిదాలు తీరేలోపే కార్డు పాతబడుతుంది. అప్పు మాత్రం కొత్తగానే ఉంటుంది.

ఈ విద్య ఆటలకే పరిమితం కాదు. నెమ్మదించిన కళాశాల ప్రయోగశాల కంప్యూటర్లలో హార్డ్ డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చి, ర్యామ్ కొంత పెంచి, అవసరమైన వాటిలో లైనక్స్ వేస్తే అవి మరికొన్నేళ్లు తరగతులకు పనికివస్తాయి. యంత్రాలను పారవేయడానికి ముందు కమిటీ పెద్దలు ఈ మార్గాన్ని పరిశీలించవలసినదిగా మనవి. ఆ పని అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థుల చేతనే చేయిస్తే అదొక పాఠం కూడా అవుతుంది.

విద్యార్థులారా, కొనబోయే ముందు ఒక కాగితం తీసుకోండి. ఈ ఏడు ఏమి, వచ్చే ఏడు ఏమి, ఆ తర్వాత ఏమి అని మూడు గడులు గీయండి. సాకెట్ పేరు, ర్యామ్ రకం, వాట్ల లెక్క వాటిలో వ్రాయండి. ఆ కాగితాన్ని ఇంట్లో పెద్దవారికి చూపించి, ప్రతి రూపాయి ఎక్కడికి పోతున్నదో చెప్పండి. వారికి అర్థమయ్యేలా చెప్పగలిగిన నాడు మీరు బజారుకు బయలుదేరవచ్చును.