ఒక దీవి, ఒక పక్షి అస్థిపంజరం

హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవికి రాజధాని పోర్ట్ లూయీ. అచటి ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల పెద్దదేమీ కాదు. కాని లండన్, పారిస్ నగరాలలో లేనిది ఒకటి అందులో ఉన్నది. అది ఒకే డోడో పక్షికి చెందిన, ఇంచుమించు సంపూర్ణమైన అస్థిపంజరం.

పావురాల కుటుంబానికి చెందిన ఈ ఎగరలేని పక్షి మారిషస్‌లో తప్ప మరెక్కడా లేదు. 1598లో డచ్చివారు దీవిపై దిగిన తరువాత నూరేండ్లు నిండకమునుపే అది అంతరించింది. మనుష్యుల వేటకన్న, ఓడలలో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు చేసిన హానియే అధికమని పలువురు పరిశోధకుల అభిప్రాయం. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ పక్షి కేవలం కల్పన అని శంకించినవారు కూడ లేకపోలేదు.

ఆ శంకను తీర్చినది బురద. దీవి ఆగ్నేయభాగాన మార్ ఓ సోంజ్, అనగా చేమకుంట, అనే చిత్తడినేల ఉన్నది. 1865లో జార్జ్ క్లార్క్ అనే ఉపాధ్యాయుడు అందులోకి కూలీలను దింపాడు. వారు నీటి అడుగున బురదను కాళ్లతో తడిమి డోడో ఎముకలను వెలికితీశారు. లండన్‌లో రిచర్డ్ ఓవెన్ వాటిని పరిశీలించి, 1866లో వర్ణన ప్రకటించాడు. ఓవెన్ పేరు గ్రంథాలకెక్కినట్లు ఆ కూలీల పేర్లు ఎక్కలేదు.

సుమారు నాలుగువేల ఏండ్లనాటి ఆ ఎముకలు ఇంకను రాయిగా మారలేదు; అయినను వాటిని శిలాజాల కోవలోనే చర్చిస్తారు. చిక్కు ఏమనగా, అవి కలగాపులగంగా దొరికినవి. అందుచేత ఇతర దేశాల ప్రదర్శనశాలలలోని అస్థిపంజరాలు దాదాపు అన్నియు పలు పక్షుల ఎముకల కూర్పులే. వాటినిబట్టి కాలికి, రెక్కకు, తలకు గల నిష్పత్తిని నిర్ణయించడం కష్టం.

పోర్ట్ లూయీ అస్థిపంజరాన్ని ఇరువదవ శతాబ్దారంభంలో సేకరించిన ఎతియేన్ తిరియు వృత్తిచేత క్షురకుడు. అతడు నగర సమీపంలోని కొండలలో వెదకి సంపాదించిన ఎముకలను ఆధునిక పరిశోధకులు లేజర్ కిరణాలతో కొలిచి, 2016లో ఫలితాలు ప్రకటించారు. అంతవరకు ఎవరూ వర్ణించని మోకాలిచిప్పలు కూడ వాటిలో ఉన్నవి.