సందేహాలు - సమాధానాలు: రాయి ఎవరిది?

ప్రశ్న: అల్లర్ల సినిమాల్లో పిల్లల్ని పెట్టేది మనల్ని ఏడిపించడానికేనా? 'బొంబాయి'లో కవలల్ని చూసినప్పుడల్లా నాకీ అనుమానం వస్తుందండీ. - ఓ పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: మీ అనుమానం కొంతవరకు నిజమేనమ్మా. 1995లో మణిరత్నం తీసిన ఆ సినిమాలో, ముసుగు మనుషులు కవలల్ని తగలబెట్టబోతూ 'మీరు ఏ మతం?' అని అడుగుతారు. గుండె జారిపోతుంది. హిందూ నాన్నకీ ముస్లిం అమ్మకీ పుట్టిన పసివాళ్లు ఏమని చెబుతారు? ఆ ప్రశ్న ఎంత ఘోరమో తెలియాలంటే అక్కడ పిల్లలే ఉండాలి. కానీ తర్వాత తప్పిపోయి వీధుల్లో ఏడుస్తూ తిరిగేటప్పుడు వాళ్లకు సొంత మనసంటూ మిగలదు. అక్కడ వాళ్లున్నది మన కన్నీళ్ల కోసమే.

శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974) చూశారా? తెలంగాణ పల్లె కథ. చివర్లో చినదొర మూగవాడైన కిష్టయ్యను కొరడాతో చావబాదుతాడు. అంతా అయ్యాక ఓ చిన్న కుర్రాడు దొర ఇంటి మీదికి రాయి విసిరి పరుగు తీస్తాడు, తెర ఎర్రబడుతుంది. గొప్ప ముగింపే. కాకపోతే ఆ కోపం దర్శకుడిది. ఆ కుర్రాడెవరో, అతని మనసులో ఏముందో మనకు దాదాపు తెలియదు.

నాగరాజ్ మంజులే మరాఠీ చిత్రం 'ఫండ్రీ' (2013)లోనూ ఆఖర్న ఓ పిల్లవాడు రాయి విసురుతాడు. ఈ జబ్యా మాత్రం మనకు బాగా తెలిసినవాడు. మనసుపడ్డ శాలు చూస్తుండగా, తోటి పిల్లలు వెక్కిరిస్తుండగా, ఇంటివాళ్లతో కలిసి పందుల్ని పట్టాలి. బడిలో జనగణమన మొదలవగానే వాళ్లంతా ఉన్నచోటే నిలబడిపోతారు, చేతికందబోయిన పంది తప్పించుకుంటుంది. అంత అవమానం పడ్డాక అతను విసిరిన రాయి నేరుగా కెమెరా వైపు, అంటే మన మీదికే వస్తుంది. పిల్లవాడికి తనదైన కోరిక, సిగ్గు, కోపం ఇచ్చారా లేదా అన్నదే నేను చూస్తాను.

ప్రశ్న: ఇలాంటి సన్నివేశాల్లో నటించే పిల్లలకు చట్టం రక్షణ ఉందా? - ఓ తండ్రి, విజయవాడ

సమాధానం: ఉందండీ. బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం రోజుకు 5 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట బ్యాంకులో డిపాజిట్ చేయాలి. ఇష్టంలేని పని చేయించకూడదు కూడా. ఒప్పుకునే ముందు సన్నివేశం మొత్తం చెప్పించుకోండి. మంటలు, అరుపులు ఉంటే షూటింగ్ అయ్యేదాకా పక్కనే ఉండండి.