ఘాటు దిగునప్పుడు ఇంజను, బ్రేకు

గత శీతకాలమున మేము తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని కుంటాల జలపాతమును చూచివచ్చితిమి. తిరుగుప్రయాణములో మా బస్సు నేరెడిగొండ మీదుగా వచ్చి, మహబూబు ఘాటు పాతదారిని నిర్మలకు దిగినది. సగము దిగునప్పటికి బస్సులో నేదో కాలుచున్న వాసన పుట్టెను. రబ్బరును గోనెగుడ్డయు కలిసి కాలినట్టి వాసన యది. ముందు కూర్చున్న యొక బాలుడు డ్రైవరు నడుగగా, ఆయన "ఏం గాదు బిడ్డా, ఘాటు దిగినప్పుడల్లా గిట్లనే కొడ్తది" అని నవ్వెను. బాలుడంతటితో నూరకుండలేదు. మా చెంతకు వచ్చి మెల్లగా, "సార్, గేరుకడ్డీ నడుమ నున్నది. ఇంజను బండిని లాగుటయు లేదు, పట్టుటయు లేదు. మరి యింత బండిని పట్టియుంచిన దేది?" అని యడిగెను.

నిర్మలలో దిగి వెనుక చక్రముల చెంతకు పోగా కుంపటి ప్రక్కన నిలిచినట్లుండెను. బాలుని ప్రశ్నకు ఉత్తర మక్కడనే యున్నది గాని, దానిని విప్పి చెప్పుటకు బస్సు నిలిచిన ఆ కొద్ది సమయము చాలలేదు. అందుచే నిచట వ్రాయుచున్నాము.

మొదట కుంటాల నీటినే తలచుకొందము. కడెము నది యచట సుమారు 45 మీటర్ల యెత్తునుండి దూకుచున్నది. పైనున్న నీటికి ఎత్తువలన కలిగిన శక్తి, క్రిందపడిన పిదప ఎచటికి పోయినది? కొంత చప్పుడైనది, కొంత తుంపురులను చిమ్మినది. తుదకు దాదాపంతయు వేడిమియైనది. పనియు వేడిమియు నొక్క శక్తికే రెండు రూపములని ఇంగ్లండు దేశీయుడగు జేమ్సు ప్రెస్కాటు జూలు 1840 తరువాతి సంవత్సరములలో ప్రయోగములచే స్థాపించెను. ఆయన లెక్క ప్రకారము కుంటాల మడుగులోని నీరు, పైనున్న నీటికంటె డిగ్రీలో పదియవవంతు వెచ్చగా నుండవలెను. ఇది చేతికి తెలియదు. కొలిచి చూతమన్నను ఎండ, గాలి మన కొలతను చెరుపును.

ఇప్పుడు పది టన్నుల బస్సు అదే 45 మీటర్లు దిగెననుకొందము. ఇనుము నీటికంటె త్వరగా వేడెక్కును గనుక, ఆ శక్తియంతయు బండి మొత్తమునకు సమముగా పంచినచో బండి ఒక్క డిగ్రీ వెచ్చనగును. ఇదియు భయపడదగినది కాదు. కాని పంపక మట్లు జరుగదు. న్యూట్రలులో దిగు బండియందు ఆ భారమంతయు బ్రేకు డ్రమ్ముల మీదనే పడును. నాలుగు డ్రమ్ములును కలిసి 160 కిలోలని యెంచుడు. పది టన్నుల ఇనుము పంచుకొనవలసిన దానిని 160 కిలోల ఇనుము మోయుచున్నది. ఒక్క డిగ్రీకి బదులు అరువది డిగ్రీలు పెరుగును. నూరు మీటర్లు దిగినచో 135 డిగ్రీలు దాటును. రాపిడిలో కొంత గాలికి పోవుననుట నిజమే కాని, దిగుట ఆగనంతకాలము వేడిమి వచ్చుటయు నాగదు.

చిన్న కారు విషయములో మరియొక లెక్క వేయవచ్చును. ఒక టన్ను బరువుగల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచుండగా పూర్తిగా నిలిపినచో బ్రేకులు కొంత వేడెక్కును. అదే కారు నూరు మీటర్ల లోతు దిగునప్పుడు పుట్టు శక్తి అట్టి నిలుపుడు లేడింటికి సమానము. కరీంనగరు బజారులో ఏడుమార్లు నిలిచిన బండికి నడుమ నడుమ చల్లారుటకు వ్యవధి యున్నది. ఘాటులో నది లేదు.

వేడెక్కిన నేమగును? డ్రమ్ము వ్యాకోచించి, లోపలి బూట్లకు దూరమగును. కాలు మరింత లోనికి నొక్కవలసివచ్చును. బూట్లకు తాపిన లైనింగు కాలి, దాని పట్టు తగ్గును; మేము పీల్చిన వాసన యదియే. చిన్న బండ్లలో బ్రేకు ద్రవము మరుగుట మరియొక యాపద. డాటు 3 అను తరగతి ద్రవము క్రొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీలకు తక్కువలో మరుగరాదని నియమము. తేమ పీల్చినదానికి ఆ హద్దు 140 డిగ్రీలు మాత్రమే. మరిగి ఆవిరియైనచో, ఆవిరి నొక్కినకొలది నణగును గనుక, పెడలు నేలకంటినను చక్రమునకు ఒత్తిడి చేరదు. పెద్ద బస్సులకు గాలి బ్రేకు లుండుటచే ఈ మరుగుడు లేదుగాని, డ్రమ్ము వేడిమి వానిని విడువదు.

ఇక ఇంజను సంగతి. మన యెడ్లబండి దిగుడుదారి పట్టినప్పుడు బండివాడు పగ్గములు బిగించును. ఎడ్లు మెడలు వెనుకకు వంచి, కాళ్లు నేలకు తన్నిపెట్టి, కాడిని తమ మూపులతో నాపుచు అడుగడుగుగా దిగును. లాగుటకు కట్టిన యెడ్లే పట్టుటకును పనికివచ్చినవి. ఇంజను చేయు పనియు నిట్టిదే. గేరులో నుంచి యాక్సిలరేటరు మీది కాలు తీసినచో, ఇంజను బండిని త్రిప్పుట మాని, బండియే ఇంజనును త్రిప్పవలసివచ్చును. పెట్రోలు ఇంజనులో గాలిదారి దాదాపు మూతపడియుండును. పిస్టనులు ఆ మూసిన దారినుండి గాలిని పీల్చుటకు పెనగులాడును. ఆ పెనగులాటయు, లోపలి రాపిడియు చక్రములను వెనుకకు పట్టును. డీజిలు ఇంజనులో సామాన్యముగా నట్టి మూత లేనందున పట్టు కొంత తక్కువ. అందుచేతనే పెద్ద లారీలకును బస్సులకును పొగగొట్టమును మూయు బ్రేకును వేరుగా నమర్చుట కలదు.

గేరు చిన్నదైనకొలది ఈ పట్టు హెచ్చును. అదే వేగమున రెండవ గేరులో ఇంజను నాల్గవదానికంటె రెట్టింపునకు మించి తిరుగవలెను. పైగా దాని నిరోధము చక్రమును చేరునప్పటికి అన్ని రెట్లు పెరుగును. ఇందు పుట్టిన వేడిమి పొగగొట్టము ద్వారమునను, రేడియేటరు ద్వారమునను బయటికి పోవును. వేడిని వదలుటకే యేర్పడిన యంత్రము గనుక గంటసేపు దిగినను ఇంజను అలయదు. డ్రమ్ముల కట్టి సదుపాయము లేదు.

కావున, ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పు మాట లెక్కకు నిలుచుచున్నది. 1932లో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో ప్రారంభమైన నాటి బండ్లలో నడుమదారిలో గేరు మార్చుట మిక్కిలి కష్టము. కొండ తలమీదనే నిశ్చయించుకొనవలెను. నేడు మార్చుట సులువైనదిగాని, ఆ నియమము సడలలేదు. బండి వేగమందుకొనిన పిదప చిన్న గేరు దొరకకపోవచ్చును. ఆ తొందరలో బండి న్యూట్రలులోనే యుండిపోవును.

న్యూట్రలులో నూనె మిగులునను నమ్మకము మన ప్రాంతమున గాఢముగా నున్నది. వెనుకటి కార్బురేటరు బండ్లలో నందు కొంత సత్యము లేకపోలేదు. నేటి బండ్లలో గేరునందుంచి కాలు తీసినచో ఇంజనునకు నూనె పోవుటయే నిలిచిపోవును; న్యూట్రలులో నైననో ఇంజను ఆరిపోకుండుటకు నూనె కాలుచునే యుండును. ఇంజను నార్పి దిగుట మరియు మూర్ఖత్వము. కారు బ్రేకునకు తోడ్పడు బలము ఇంజనునుండి వచ్చును. బస్సుల గాలి నింపు పంపును ఇంజనే త్రిప్పును.

ఇంతమాత్రమున బ్రేకును చిన్నచూపు చూడరాదు. దారికి అడ్డముగా గొడ్డు వచ్చినను, బిడ్డ వచ్చినను కాలు పోవలసినది బ్రేకు మీదికే. ఇంజను పట్టు లాగు చక్రములకే యందును. బ్రేకు నాలుగింటికి నందును. ఇంజనుతో నెమ్మదించు బండికి వెనుక ఎఱ్ఱదీపము వెలుగదు గనుక వెనుకవచ్చువానికి హెచ్చరిక యుండదు. వానకు తడిసిన మలుపులో హఠాత్తుగా చిన్న గేరు వేసినచో చక్రము జారవచ్చును. చదునుదారిలో బ్రేకు లరుగునని చీటికిమాటికి గేరు దింపువారిని చూచి మాకు నవ్వు వచ్చును: లైనింగు మార్చుట స్వల్పవ్యయము, క్లచ్చి మార్చుట బరువు. ఘాటులోనైనను బ్రేకు కావలెను. వేగము హెచ్చినప్పుడు గట్టిగా నొక్కి, తగ్గగానే విడిచి, చల్లారనీయవలెను. కాలు దానిమీదనే యానించి దిగరాదు.

ఈ లెక్కలు కాగితపు లెక్కలని యెవరైన ననుకొందురేమో! 2018 సెప్టెంబరు 11వ తేదీన జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటు దిగుచు ఆర్టీసీ బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. 2016 వరకు కరీంనగరు జిల్లాలోనిదే యాచోటు. మన విద్యార్థులలో పలువురు ఆ దారిని ఆంజనేయస్వామి గుడికి పోయివచ్చినవారే. ఆ బస్సులో జనము సామర్థ్యమును మించి యుండిరి. కారణమిదియని తీర్పు చెప్పు పని మాది కాదు. ఒక్క లెక్క మాత్రము చెప్పవచ్చును: పది టన్నుల బండిలో అదనముగా నేబదిమంది యెక్కినచో సుమారు రెండున్నర టన్నులు చేరును, దిగు ప్రతి మీటరునకు పట్టవలసిన శక్తి నాల్గవవంతు పెరుగును. డ్రమ్ములు మాత్రము పెరుగవు.

పరీక్షలైన పిదప ఆ బాలుడు మరల మాతో కుంటాలకు వచ్చెను. బస్సు వేరు, డ్రైవరు వేరు. ఘాటు తలమీద ఆయన బండి నిలిపి, రెండవ గేరు వేసి, మెల్లగా విడిచెను. ఇంజను గుఱ్ఱుమని మొఱపెట్టుచుండగా వెనుకబల్లవారు "సార్, బండి ఖరాబైందా?" అని యడిగిరి. ముందు కూర్చున్న మన బాలుడు వెనుదిరిగి, "కాదు, ఎడ్లు ఆపుతున్నయ్" అనెను. నిర్మల చేరువరకు వాసన రాలేదు.