కోతి చచ్చిపడితే ఎవరికి చెప్పాలి?

1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపోయాయి. పక్క ఊళ్లలో జ్వరాలు మొదలయ్యాయి. కన్నడంలో 'మంగన కాయిలె' అంటారే, అదే. దాని వైరస్‌ని మోసేది పిడుదు. కోతి చచ్చి ఒళ్లు చల్లబడ్డాక పిడుదులు దాన్ని వదిలి చుట్టుపక్కల నేల మీదికి చేరతాయి. ఎండుటాకులకో కట్టెలకో వెళ్లినవాళ్లను పట్టుకుంటాయి.

అడవి అటవీశాఖది, కళేబరం పరీక్ష పశువైద్యులది, జ్వరం ఆరోగ్యశాఖది. అటువైపు జనాన్ని వెళ్లనివ్వకూడదు, చుట్టూ మలాథియాన్ పొడి చల్లాలి, ఊరివాళ్లకు ఒంటికి రాసుకునే నూనె పంచాలి. ఒక శాఖ ఆలస్యం చేస్తే మిగతా రెండింటి పనీ వృథా.

నాకు అర్థమైంది ఒకటే. మొదటి కబురు ఆఫీసులో పుట్టదు, అడవికెళ్లే మనిషి చెప్పాలి. మలెనాడులో ఇల్లున్నవాళ్లు సెలవులకెళ్లినప్పుడు ఈ మాట చెప్పండి: చచ్చిన కోతి దగ్గరికి పోవద్దు, ముట్టుకోవద్దు, వెంటనే కబురు చెయ్యాలి.