మెట్లు దిగిన మరునాటి నొప్పి

అలిపిరి నుండి 3,550 మెట్లెక్కి, దర్శనానంతరం అదే దారిన కాలినడకన దిగివచ్చినవారు మరునాడు కుర్చీలో నుండి లేవడానికే ఇబ్బంది పడుతుంటారు. విచిత్రమేమంటే, ఈ నొప్పికి ఎక్కడం కంటే దిగడమే ప్రధాన కారణం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే శరీర భారాన్ని ఆపవలసి వస్తుంది. అందువల్ల కండర తంతువులలో సూక్ష్మమైన చీలికలు ఏర్పడి, క్రమంగా వాపు కలుగుతుంది. కనుకనే నొప్పి వెంటనే రాక, 12 నుండి 24 గంటల తరువాత మొదలై, రెండు మూడు రోజులకు ముదిరి, సాధారణంగా వారం లోపు దానంతటదే తగ్గుతుంది. లాక్టిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల నొప్పి వస్తుందనే మాట సరికాదు. అది గంట, రెండు గంటలలోనే తొలగిపోతుంది.

అధిక శ్రమ వలన వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. అందుకు అభ్యంగం, స్వేదనం ఉపశమనాలు. గోరువెచ్చని నువ్వుల నూనెను తొడలకు, పిక్కలకు మృదువుగా మర్దించి, అరగంట తరువాత వేడినీటి స్నానం చేయాలి. గట్టిగా పిసికించుకోరాదు. దీనివల్ల బాధ తగ్గుతుందే గాని, కండరం త్వరగా మానుతుందని ఆశించరాదు. మంచం పట్టక, ఇంట్లో మెల్లగా తిరగడం మేలు. మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారినవారు కాపడం జోలికి పోరాదు.

బలవంతులు సైతం తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలన్నాడు వాగ్భటుడు. యాత్రకు రెండు మూడు వారాల ముందు నుండి రోజూ కొన్ని మెట్లు ఎక్కి దిగితే, కండరాలు అలవాటుపడి నొప్పి చాలావరకు తగ్గుతుంది.

మూత్రం కషాయం రంగులోకి మారినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినా, నూనెతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని సంప్రదించాలి.